తుమ్మకాయలు పోసినంత దూరం

తెలంగాణ వచ్చిన మరుసటి ఎండాకాలం మా ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నల్లగొండ దవాఖానలో కొన్నాళ్లు ఉంచుకుని పంపేటప్పుడు డాక్టరు ఒకటే మాట చెప్పాడు. రోజూ కదిలిస్తే కాలు వస్తుంది, మంచానికి అలవాటు పడితే ఇక రాదు. ఆ మాట ఆయన కూడా విన్నాడు. విని, ఇంటికొచ్చి మంచమెక్కాడు.

రేపటి నుంచి నడుస్తాననేవాడు. తెల్లారితే కాలు గుంజుతుందనేవాడు, అమావాస్య అనేవాడు, మబ్బు పట్టిందనేవాడు. పక్క వాడలో ఉండే వాళ్లక్క రోజూ వచ్చి, అన్నం కలిపి నోట్లో పెట్టి, ఏడ్చి పోయేది. ఆమె పెట్టే ప్రతి ముద్దా ఆయనను మంచానికి ఇంకాస్త గట్టిగా కట్టేస్తోందని నాకు తెలుసు. ఒకరోజు ఆమె చేతిలోని పళ్లెం తీసుకుని, ఇక రావద్దని చెప్పాను.

మాది గొర్ల మంద. కాలు విరిగిన గొర్రెకు వెదురు బద్దలు కట్టి, ఎముక అతుక్కున్నాక మేత నోటి దగ్గర పెట్టం. తుమ్మకాయలంటే దానికి ప్రాణం. వాటిని అందీ అందనట్టు పోస్తాం. మొదట మెడ చాపితే చాలు. మర్నాడు జానెడు వెనక్కి. ఎంత అరిచినా ముందుకు జరపం. ఒక్కసారి జరిపితే అది నడవడం మాని అరవడం నేర్చుకుంటుంది. పెళ్లయిన కొత్తలో ఇదంతా నాకు నేర్పింది ఆయనే.

పొద్దున మందను దొడ్డిలోంచి విడిచే వేళకు జొన్నరొట్టె తెచ్చి, మంచం కాళ్లవైపు పీట మీద పెట్టాను. నడవమనలేదు. లేచి కూర్చుంటే తినొచ్చన్నాను. లేవలేదు. గింజ పారేయడం నాకు చేతకాదు. ఆయన ముందే కూర్చుని ఆ రొట్టె నేనే తిన్నాను. పొద్దుగూకే దాకా ఇంకేమీ పెట్టలేదు. మర్నాడు అదే వేళ, అదే పీట. ఎడమ చేత్తో మంచంపట్టె పట్టుకుని లేచి కూర్చున్నాడు.

"నన్ను గొర్రెను జేసినవా?" అన్నాడు.

"గొర్రెకు సాకులు రావు. తిను."

పీట గోడ దాకా పోయింది, గోడ దగ్గర్నుంచి గడప దాకా. జ్వరం వచ్చిన రోజు దగ్గరగా పెట్టాను కానీ మానలేదు. దూరం తగ్గించొచ్చు, వేళ తప్పకూడదు. మనసు రావాలని కూర్చుంటే అది ఎప్పటికీ రాదు. వేళ అయ్యేసరికి కాలు మంచం దిగాలి, అంతే.

గడప దగ్గర పడ్డాడు. పెదవి పగిలింది, పంచె తడిసింది. పట్టుకోమని పిలిచాడు. నేను వాకిలి ఊడ్వడం ఆపలేదు. వాడంతా గుమిగూడింది. వాళ్లక్క పరుగెత్తుకొస్తే చీపురు అడ్డం పెట్టాను.

"నీది గుండెనా, బండనా? తోడవుట్టినోడు మట్టిల పొర్లుతుంటె సూస్కుంట నిలవడాల్నా?"

"నిలవడాలె వదినె. ముట్టకు."

ఆయన అందరి ముందూ, తడిసిన పంచెతో, దర్వాజ పట్టుకుని లేచాడు. చాలాసేపు పట్టింది. రొట్టె చల్లారిపోయింది. వేడి చేసివ్వలేదు.

తర్వాత తర్వాత రొట్టె చూపించే పని లేకపోయింది. దొడ్డి తడక తీసిన చప్పుడు వినిపిస్తే చాలు, ఆయన కాళ్లు నేల మీద ఉండేవి. దసరా నాటికి కర్ర పట్టుకుని దొడ్డి దాకా వచ్చాడు. చలికాలం పోయేసరికి వాడ చివర దాకా పోయి వస్తున్నాడు.

ఒక పొద్దున అట్లాగే పోయి, రాలేదు. మధ్యాహ్నం కబురొచ్చింది, అక్క ఇంట్లో తిన్నాడని, ఇక అక్కడే ఉంటాడని. నేను వెళ్లాను. అరుగు మీద కూర్చున్నాడు. రమ్మన్నాను.

"నీ చేతి కూడు సచ్చేదాంక తిన" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. లోపల వదినె నాకు వినపడేలా పళ్లెం పెట్టింది.

అప్పటి నుంచి అక్కడే. మంద విడిచే వేళకు వస్తాడు, గొర్లను చూసుకుంటాడు, నా ముఖం చూడకుండా పోతాడు. మంచిగా చూసుకుంటే పోయేవాడా అని ఆడవాళ్లు నా ముందే అంటారు. పోయేవాడు కాదు. నా ఇంట్లోనే, మంచంలోనే ఉండేవాడు.

ఇవాళ కూడా వేళకు వచ్చాడు. కర్ర తెచ్చుకోలేదు.