తెల్లదాని గడ్డ, నేను కట్టిన వెంట్రుక

నిన్న పొద్దున్నే నేను చాయ్ తాగుతుంటే ఒకాయన స్కూటర్ మీద వచ్చి మా ఇంటి ముందు ఆగాడు. మెడ మీద శనగగింజంత పులిపిరి. గుర్రం తోక వెంట్రుక ఒకటి కావాలన్నాడు. మా ఇంటి గుర్తు ఎవరో ముసలాయన చెప్పి పంపాడట, హన్మకొండ నుంచి వెతుక్కుంటూ వచ్చాడట. ఇవ్వనన్నాను. చర్మం డాక్టరు దగ్గరికి పొమ్మన్నాను. ముందు నవ్వాడు, తర్వాత బతిమాలాడు, చివరికి కోపం తెచ్చుకున్నాడు. "తోకెంట్రుక అడిగితే ఇంత గీరనా? నీ గుర్రాన్ని అడిగిన్నా ఏమన్న?" అని బండి తిప్పుకుని పోయాడు. గడప మీద కూర్చుని బియ్యం చెరుగుతున్న మా ఇంటామె తల ఎత్తకుండానే, "ఒగప్పుడు పిలిచి మరీ ఇచ్చినోనివి" అంది. నిజమే. కాదని ఎట్లా అనను?

మా నాయన వరంగల్ స్టేషన్ ముందు టాంగా తోలేవాడు. ఆయన తర్వాత నేను తోలాను. గుర్రం ఉన్న ఇల్లు కాబట్టి పులిపిర్లు లేచినవాళ్లందరికీ మా వాకిలే దవాఖాన. ఈ వైద్యానికి ఒక పద్ధతి ఉంది. వెంట్రుకను కత్తిరించకూడదు, పీకాలి. ఆదివారం పొద్దున్నే పరగడుపున పులిపిరి మొదట్లో మూడు చుట్లు చుట్టి బిగించాలి. అది రాలిపోయేదాకా కట్టించుకున్నవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు. మా నాయన కట్టాడు, నేను కట్టాను. పట్టుచీరలవాళ్లు, ఫైళ్లు చంకన పెట్టుకున్నవాళ్లు, ఒకసారి ఒక పోలీసాయన కూడా మా గడ్డివాము పక్కన స్టూలు మీద మెడ వంచుకుని కూర్చున్నారు. పైసా తీసుకోలేదు. తీసుకోలేదన్న గర్వం మాత్రం బాగా ఉండేది.

నేను బడి మొహం చూడలేదు. డోర్నకల్ దిక్కు నుంచి వచ్చే ప్యాసింజరు ఆలస్యమైన గంటల్లో, స్టేషన్ గోడల మీది సినిమా బొమ్మల కింద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. తర్వాత పకోడీల పొట్లం కాగితాలు, ఆ తర్వాత పాత పుస్తకాలు. ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నవాడికి ఒక తెగులు పట్టుకుంటుంది. తనకు తెలిసింది తప్పని ఎవరైనా అంటే, తన చదువునే తిట్టినట్టు ఒళ్లు మండుతుంది. నాకు ఆ తెగులు ఇప్పటికీ కొంత ఉంది. ఇంట్లో అడిగితే చాలా ఉందంటారు.

ఆటోలు వచ్చి టాంగాలను మింగేశాక పెళ్లి గుర్రాన్ని పెట్టుకున్నాను. అట్లా వచ్చిందే మా తెల్లది. మూడేళ్ల ఆడగుర్రం. వచ్చిన రోజే మా ఇంటామె భుజం మీద గదవ ఆనించి కళ్లు మూసుకుంది. ఆ క్షణం నుంచి ఈ ఇంట్లో నా మాట చెల్లడం తగ్గింది. డప్పు మోగితే మెడ ఎత్తి అడుగు వేసేది, డప్పు ఆగితే తనూ ఆగేది. క్లారినెట్ మాత్రం గిట్టేది కాదు, అది చెవి పక్కన ఊదితే చెవులు వెనక్కి పెట్టి ఊదేవాడి వైపు చూసేది. బ్యాండు మా బామ్మర్దిది. పరకాలలో ఉంటాడు, మా ఇంటామెకు తమ్ముడు. మా గుర్రం, అతని బ్యాండు కలిసి ఖిలా వరంగల్ నుంచి అటు నర్సంపేట దాకా ఎన్ని పెళ్లిళ్లు చేశాయో లెక్క లేదు.

గడ్డను మొదట చూసింది మా ఇంటామె. గుర్రాన్ని కడుగుతుంటే ఎడమ ముందుకాలి చంకలో, జీను పట్టీ బిగించే చోట, చింతగింజంత తగిలిందట. నేను వంగి చూశాను. పులిపిరి! నాకు నవ్వొచ్చింది. ఊరందరికీ వైద్యం చేసే ఇంట్లో వైద్యుడికే రోగమా అనుకున్నాను. ఆదివారం దాకా ఆగి, దాని తోకలోంచే ఒక వెంట్రుక పీకి, దాని గడ్డకే మూడు చుట్లు చుట్టి బిగించాను. పన్నెండో రోజున రాలింది. రాలినదాన్ని కాగితంలో పెట్టి వాడకట్టంతా తిరిగి చూపించాను.

వానలు మొదలయ్యేసరికి అదే చోట నిమ్మకాయంత లేచింది. మళ్లీ కట్టాను. మళ్లీ రాలింది. ఈసారి జామకాయంత వచ్చింది, చుట్టూ చిన్న చిన్న మొగ్గలతో. తాకితే నెత్తురు. నేను ఇంకా గట్టిగా కట్టాను. ఇప్పుడు ఈ ముక్క రాస్తుంటే నా వేళ్ల మీద నాకే కోపం వస్తోంది. అది కాలు విదిలించేది కాదు. నావైపు మెడ తిప్పి, ఏదో పని చేస్తున్నాడులే అన్నట్టు నిలబడేది.

నెత్తురు వచ్చే గుర్రాన్ని పెళ్లికి పంపకూడదని మా ఇంటామె మొత్తుకుంది. జరీగుడ్డ కప్పితే ఎవరికీ కనిపించదని నేను పంపాను. ఆ సాయంత్రం బామ్మర్ది గుర్రాన్ని తోలుకొచ్చి, తాడు నా మీదికి విసిరాడు.

"పెండ్లిపిలగాని షేర్వాణీకి రక్తమంటింది బావ. వాళ్ల చిన్నాయన నా అంగి గల్ల వట్టిండు. ఇగ దీన్ని ఇడిసెయ్. కేసముద్రం దిక్కు ఒగాయన ఉన్నడు, ఇసొంటియి తోల్కపోతడు."

"తోల్కపోయి ఏం జేస్తడు?"

"అయన్ని మనకెందుకు?"

"నీ బ్యాండుల క్లారినెట్ ఊదెటాయనకు రెండేండ్ల సంది దమ్ము రోగం. ఆయన్ని గూడ కేసముద్రం తోలుదామా?"

"మనిషి, గుర్రం ఒకటేనా బావ?"

"గుర్రం మంచిగ ఊదుతది" అన్నాను. అతను చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్లిపోయాడు. తర్వాత చాలాకాలం మా గడప తొక్కలేదు. మా ఇంటామె కిందపడ్డ తాడు తీసుకుని నా చేతిలో పెట్టింది. "పశువుల దవాఖానకు నడువు. ఇయ్యాల్నుంచి దాని మీద నీ చెయ్యి పడితే నేనూరుకోను" అంది.

దవాఖానలో డాక్టరమ్మ చిన్నపిల్ల, మా మనవరాలి ఈడుది. గడ్డ చూడగానే మొహం మాడ్చుకుంది. "ఎవలు కట్టిన్రు దీన్ని?" అంది. నేనేనన్నాను.

"తాతా, ఇది పులిపిరి కాదు. చర్మంల లేసే ట్యూమర్. గెలికిన కొద్ది రెచ్చిపోతది. నువ్వు కట్టిన ప్రతిసారి దానికి దాణా వెట్టినట్టే."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నలభై ఏండ్ల సంది మందికి కడుతాన. ఒక్కలన్న మళ్లొచ్చి తగ్గలేదన్నరా?"

"మళ్ల రానోళ్లందరు తగ్గినోళ్లేనా తాతా?"

నలభై ఏళ్లలో ఆ ప్రశ్న నాకు తట్టలేదు. గోడ మీద అంటించిన గొర్రెల టీకాల కాగితం పైనుంచి కిందిదాకా చదివాను.

ఆమె ముక్క తీసి పరీక్షకు పంపింది, తర్వాత కోసింది. కోసే ముందే చెప్పింది, మళ్లీ రావొచ్చు, రాదని చెప్తే అబద్ధమవుతుందని. అది వచ్చింది. కుట్లు మానిన రెండు నెలలకే కుట్ల పక్కన రెండు మొగ్గలు లేచాయి. దానికి తోడు మళ్లీ వానాకాలం వచ్చింది. ఈగలు ముసిరి పుండులో పురుగులు పడ్డాయి. మా ఇంటామె కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని, చిన్న పట్టకారుతో ఒక్కొక్క పురుగునూ తీసేది. తన పాత చీరలు రెండు చించి దాని ఛాతీ చుట్టూ ఈగలు వాలకుండా కట్టు కుట్టింది. తెల్ల గుర్రం మీద ఎర్రపూల చీర. దారిన పోయేవాళ్లు ఆగి, "ఎవరి పెండ్లి పెద్దమ్మా?" అని వేళాకోళం చేసేవాళ్లు. "నీదే, పిల్ల దొరికిందంటె చెప్పు" అనేది.

రెండోసారి మొగ్గలు చూసిన రోజు డాక్టరమ్మ నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి చెప్పింది. మళ్లీ కోసి, చుట్టూ చలిమందుతో కాల్చి, గడ్డ మొదట్లోకే నాలుగు సూదులు వేస్తానంది. "ఇది గూడ పని జెయ్యకుంటె నొప్పి తెల్వకుంట నిద్రపుచ్చుడే తాతా. ఇంటికాడ ముందే చెప్పు" అంది. నేను ఇంట్లో చెప్పలేదు. మా ఇంటామె అడగలేదు. ఇద్దరికీ తెలుసు.

చలిమందు అంటే ఏమిటో తెలుసా? ఆవులకు వేసే ఎద్దు బీజాన్ని చెడిపోకుండా దాచే ఒక పెద్ద కేను ఉంటుంది, దానిలో మంచు కంటే ఎన్నో రెట్లు చల్లని మందు పొగలు కక్కుతూ ఉంటుంది. ఆవులకు చూడి కట్టించే సరుకుతో గుర్రం గడ్డను చంపడం చూసి నేను ముక్కు మీద వేలేసుకున్నాను. ఏ పుస్తకంలోనూ చదవలేదు ఆ ముక్క.

చేతులు కట్టుకుని కూర్చోవడం నాకు చేతకాదు. ముట్టుకోవద్దన్నారు కాబట్టి కొలవడం మొదలుపెట్టాను. ప్రతి ఆదివారం పల్చటి ప్లాస్టిక్ కవరు పుండు మీద తగిలీ తగలకుండా పట్టి, అంచు గీసి, ఆ ఆకారాన్ని ఆనాటి పేపర్లో కత్తిరించి ఇనుప తీగకు గుచ్చేవాణ్ని. కొత్త మొగ్గ కనిపిస్తే దానికో ముక్క. "ఆదివారం పేపరుల బొమ్మలు సూద్దామంటె నడుమ బొక్కలే" అని మా ఇంటామె గొణిగేది. మొదటి ముక్క నా అరచేయంత. రెండో సూది తర్వాత తమలపాకంత. మూడో సూదికి ముందు మళ్లీ కొంచెం పెరిగింది.

నాలుగో సూదికి పోవాల్సిన పొద్దున్నే తెల్లదానికి కడుపుశూల పట్టుకుంది. అది నేల మీద పడి దొర్లుతోంది, చెమటలు కారుతున్నాయి. ఫోను చేస్తే డాక్టరమ్మ, పండనీయొద్దు, నడిపిస్తూ ఉండమని చెప్పి స్కూటరు మీద వచ్చింది. మందు పోసింది, సూది వేసింది, మళ్లీ నడిపించమంది. మా ఇంటి దగ్గరి మట్టికోట గోడ కింద ఆ చివర నుంచి ఈ చివరకు నేను ఒక తిప్పు, మా ఇంటామె ఒక తిప్పు. ఎండ నెత్తి మీదికొచ్చింది. గడ్డతో ఏడాది కొట్లాడిన గుర్రం కడుపునొప్పితో పోతుందా అని నాకు ఎవరి మీదో తెలియని కోపం, ఏడుపు. మధ్యాహ్నం దాటాక అది ఆగి, తోక ఎత్తి, లద్దె వేసింది. మా ఇంటామె రోడ్డు మధ్యలో నిలబడి ఆ లద్దెకు రెండు చేతులెత్తి దండం పెట్టింది. డాక్టరమ్మ నవ్వి నవ్వి స్కూటరు సీటు మీద కూలబడింది. అప్పుడు చూశాను, ఆమె కళ్లు కూడా తడిగానే ఉన్నాయి.

సూది వారం ఆలస్యంగా వేశారు. ఆ తర్వాత ముక్కలు చిన్నవవుతూ వచ్చాయి. రూపాయి బిళ్లంత, బొట్టంత. ఒక ఆదివారం కవరు పట్టి, కళ్లద్దాలు తుడుచుకుని చూశాను. గీయడానికి అంచు దొరకలేదు. నల్లటి తోలు మచ్చ, దాని మీద సన్నగా తెల్ల వెంట్రుకలు మొలుస్తున్నాయి. కత్తెర పక్కన పెట్టాను. తర్వాత పేపరు మడత పెట్టకుండా మా ఇంటామెకు ఇచ్చాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, "బొక్కేది?" అంది. "లేదు" అన్నాను. పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆమెకు చదువు రాదు.

ఆరు నెలలు చూశాక డాక్టరమ్మ, "ఇగ రావొద్దు తాతా" అంది. నా తీగను అడిగి తీసుకుని, ముక్కలన్నీ బల్ల మీద వరుసగా పరిచి, తన దగ్గర పని నేర్చుకునే పిల్లలను పిలిచి చూపించింది. "చెప్పు తాతా, ఎట్ల మొదలైంది?" అంది. నలభై ఏళ్ల నా వైద్యం గురించి పదిమంది చదువుకున్న పిల్లల ముందు మొట్టమొదటిసారి మాట్లాడాను: "నేను ఎంట్రుక కట్టిన. అది తప్పు. మీరెవ్వలు కట్టనియ్యకున్రి." చెప్పాక, వింతగా, టాంగా దిగి గుర్రాన్ని విప్పినంత హాయిగా అనిపించింది.

ఆ వారమే బామ్మర్ది వచ్చాడు. ఏడాదిన్నర తర్వాత. చేతిలో బెల్లం పొట్లం, మొహంలో సిగ్గు. "పొద్దుగూకక ముందే ఊరేగింపు బావ. తెల్లది లేకుంటె బ్యాండు బోసిగున్నది" అన్నాడు.

"నన్నడుగుడేంది? దాన్నడుగు."

అడిగాడు పాపం, బెల్లం అరచేతిలో పెట్టి. అది బెల్లమంతా నాకి, అతని రుమాలు పళ్లతో లాగి కింద పడేసింది. మచ్చ మీద జరీగుడ్డ కప్పబోతే మా ఇంటామె అతని చేతిలోంచి గుంజుకుంది. "కప్పుడేందిరా తమ్మీ? అదేమన్న దొంగతనం జేసిందా?"

జీను పట్టీ మచ్చకు తగలకుండా కొత్తగా కుట్టించాను. మచ్చ బయటికే కనిపిస్తూ మా తెల్లది శివనగర్ వీధిలో నిలబడింది. పెళ్లికొడుకు నాయనమ్మ దగ్గరికొచ్చి మచ్చను వేలితో తాకి, "ఇదేంది?" అంది. "గెలిచిన గుర్తు" అంది మా ఇంటామె. ముసలామె తన పొట్ట కుడివైపు చీర మీదుగా చేయి పెట్టుకుని, "నాకూ ఒగటున్నది" అని, గుర్రం నుదుటికి కుంకుమ పెట్టింది. డప్పు మోగింది. ఏడాదిన్నరగా డప్పు వినని గుర్రం, మరిచిపోయిందేమోనని నేను కళ్లెం దగ్గరగా పట్టుకున్నాను. అది మెడ ఎత్తింది. ఎడమ ముందుకాలు, గడ్డను మోసిన ఆ కాలే, ముందు లేచింది.

నా వయసులో కాలం చేసే పని బాగా చూశాను. మా నాయనను, టాంగాను, నా పళ్లను అడగకుండానే పట్టుకుపోయింది. ఒక్క ఆ సాయంత్రం మాత్రం, పట్టుకుపోతున్నదాన్ని మళ్లీ మా వాకిట్లో దించేసి, ఖాళీ చేతులతో పోయింది.