ఏడో టేబులుకు వేసిన మార్కులు

ముప్ఫై నాలుగేళ్ళు పిల్లల చేత గీతలు గీయించిన మనిషి ఆయన. హైస్కూల్లో రేఖాగణితం చెప్పేవారు. వృత్తం గీస్తే పెన్సిలు బయల్దేరిన చోటికే వచ్చి చేరాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఎర్ర సిరాతో అక్కడ చిన్న సున్నా చుట్టి అరమార్కు కోసేవారు. సొంత కూతురి పేపర్లోనూ కోశారు. అందుకని పిల్లలూ, పిల్లల తల్లిదండ్రులూ, చివరికి తోటి పంతుళ్ళూ కూడా ఆయన్ని అరమార్కు మేష్టారనేవాళ్ళు. ఎదురుగా అనేవాళ్ళు కాదు. కానీ ఆయనకి తెలుసు, లోలోపల కాస్త గర్వంగానే ఉండేది.

ఒక్క నియమం మాత్రం ఎన్నడూ తప్పలేదు. సున్నా చుట్టకుండా మార్కు కోసేవారు కాదు. తప్పెక్కడుందో చూపించలేనివాడికి కోసే హక్కు లేదనేవారు. అయితే చూపించడానికి ఏదో ఒకటి ఎప్పుడూ దొరికేది.

రిటైరయ్యాక దిద్దడానికి పేపర్లు లేక చుట్టుపక్కల ప్రపంచాన్ని దిద్దడం మొదలుపెట్టారు. కర్టెను ఒకవైపు దిగిందనేవారు. మెట్లు ఒక ఎత్తున లేవని మేస్త్రీని పిలిచి చూపించేవారు. ఇంట్లో ఆవిడ వింటూ ఊరుకునేది. ఆవిడ టెలిఫోన్ ఆఫీసులో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసింది. వేలమంది గొంతులు విన్న చెవులు, ఒక గొంతు దిద్దుబాట్లు భరించలేవా?

రెండేళ్ళ కిందట ఆవిడ కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. మందులతో కొంత తగ్గింది కానీ పోలేదు. చెంచా పళ్ళెంలోంచి నోటి దాకా చేరేలోపు సగం ఖాళీ అయ్యేది. అప్పట్నుంచి ఆవిడ నలుగురిలో తినడం మానేసింది. ఎవరింటికి వెళ్ళినా “తినే వచ్చాం” అనేది. ఇంట్లో కూడా మేష్టారు లేచి వెళ్ళాక, వంటింట్లో గోడ వైపు తిరిగి కూర్చుని తినేది. ఆయన దాని గురించి ఎప్పుడూ ఏమీ అనలేదు. ఏమనాలో ఆయనకి తెలియలేదు.

ఉపాధ్యాయుల సంఘం వాళ్ళు పదిరోజుల ఓడ ప్రయాణానికి గుంపుగా టికెట్లు తీసుకుంటున్నారని తెలిస్తే, వెళ్దామన్నది ఆవిడే.

“ఏముంది చూడ్డానికి? నీళ్ళేగా,” అన్నారు మేష్టారు.

“అన్ని నీళ్ళు ఒక్కచోట నేనెప్పుడు చూశాను?” అంది ఆవిడ.

ఓడలో ఎవరి టేబులు వాళ్ళది. ఎక్కిన పూట ఎక్కడ కూర్చోబెడితే పదిరోజులూ అక్కడే, అదే మనుషులతో, అదే వెయిటరు చేతి భోజనం. వీళ్ళకి కిటికీ పక్కన ఏడో టేబులు వచ్చింది. ఎదురుగా ఒక మందుల షాపాయన, ఆయన భార్య. షాపాయన ఇదివరకే రెండుసార్లు ఓడెక్కినవాడు కావడంతో, సముద్రాన్ని తనే దగ్గరుండి నింపించినట్టు మాట్లాడేవాడు.

వెయిటరుకి నలభై అయిదేళ్ళుంటాయి. గుండ్రటి మొహం. నడిస్తే చప్పుడయ్యేది కాదు.

“అమ్మా, మీకేం తెమ్మంటారు?” అన్నాడు మొదటి పూట.

“ఆకలి లేదు బాబూ. టీ చాలు.”

టీ తెచ్చాడు. ఆవిడ కప్పు ఎత్తగానే సాసరు మీద అది గలగలలాడింది. వెంటనే దించేసి రెండు చేతులూ ఒళ్ళోకి తీసుకుంది. వెయిటరు పక్క టేబులు సర్దుతూ ఒకసారి ఇటు చూశాడు. కాసేపటికి ఆ కప్పు తీసేసి, పెద్ద చెవి ఉన్న లోతైన కప్పులో సగం టీ పోసి తెచ్చి పెట్టాడు.

‘సగమే పోశాడు’ అనుకున్నారు మేష్టారు.

మర్నాడు ఓడ ఆగే ఊరు లేదు, రోజంతా సముద్రమే. పొద్దున్నే గది కిటికీ తెర తీస్తే ఆకాశమూ నీళ్ళూ కలిసే చోట సన్నటి గీత. మేష్టారు కళ్ళజోడు తుడుచుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు. ఎక్కడా వంకర లేదు. గీసినవాడి చెయ్యి గట్టిదే అనుకుంటూ చాలాసేపు అక్కడే నిలబడిపోయారు.

ఆ మధ్యాహ్నం భోజనంలో ఆయనకి రెండు తప్పులు దొరికాయి. అందరికీ సూపు వచ్చాక ఇంకో పన్నెండు నిమిషాలకి గానీ ఆవిడకి రాలేదు. చేతి గడియారం పెట్టి చూశారు. తర్వాత చేప వచ్చింది. షాపాయనకి నిండు చేప. మేష్టారి వైపు మాత్రం ముళ్ళు తీసి, చిన్నచిన్న ముక్కలు చేసి తెచ్చాడు.

“ఎవరడిగారయ్యా నా చేపని ముక్కలు చెయ్యమని? నా పళ్ళు ముప్ఫై రెండూ ఉన్నాయి!”

“ఇరవై తొమ్మిది,” అంది ఆవిడ మెల్లగా.

“తప్పయిపోయింది సార్,” అన్నాడు వెయిటరు నవ్వుతూ. మర్నాడు మళ్ళీ ముక్కలే తెచ్చాడు. ఆ మర్నాడూ అంతే. సూపు కూడా రోజూ పన్నెండు, పదమూడు నిమిషాలు ఆలస్యం.

ఈ లోపల ఒక విచిత్రం జరిగింది. ఆవిడ తింటోంది. అదీ నలుగురి ముందు. మూడోరోజుకి రొట్టె అడిగింది. అయిదోరోజుకి షాపాయన భార్యతో కబుర్లు చెబుతూ, పాత టెలిఫోన్ ఆఫీసులో అర్ధరాత్రి ప్రేమికుల మాటలు వినీ విననట్టు విన్న కథలు చెప్పి టేబులంతా నవ్వించింది. మేష్టారు ఆ సాయంత్రమే కూతురికి ఫోన్లో సందేశం పంపారు: ‘సముద్రపు గాలి మీ అమ్మకి బాగా పడింది.’

భోజనమయ్యాక ఇద్దరూ పైకెక్కి అంచున ఉన్న ఇనుప కటకటాలు పట్టుకుని నడిచేవారు. ఓడ వెనకాల నీళ్ళ మీద తెల్లటి దారి ఒకటి పుట్టి, కాస్త దూరం పోయి, సముద్రంలో కలిసిపోయేది. ఆవిడ దాన్నే చూస్తూ నిలబడేది. గాలికి చీర కొంగు ఎగిరితే వణికే చేత్తోనే పట్టుకునేది. దాచుకోవడం మరిచిపోయిన చెయ్యి.

ఏడోరోజు గది తలుపు కిందనుంచి ఒక కాయితం లోపలికి జారింది. మీ వెయిటరు సేవకి పదికి ఎన్ని మార్కులు వేస్తారు? గదికొక కాయితం.

చాలాకాలానికి ఒక పేపరు చేతికొచ్చింది. మేష్టారి మొహం వెలిగింది. బల్ల దగ్గర నిటారుగా కూర్చున్నారు. శుభ్రత బాగుంది. మర్యాద బాగుంది. ఆలస్యానికి ఒకటి, అడగకుండా చేప కోసినందుకు ఒకటి తీసేశారు. ఎనిమిది. తన లెక్కలో అది చాలా గొప్ప మార్కు. కూతురికి కూడా ఇంత తేలిగ్గా రాలేదు. కాయితం మడిచి, తృప్తిగా డబ్బాలో వేసి వచ్చారు.

మర్నాడు మళ్ళీ రోజంతా సముద్రమే. భోజనానికి వెళ్తే ఏడో టేబులు దగ్గర ఇంకెవరో ఉన్నారు. చురుకైన మనిషి. అందరికీ ఒక్కసారే, నిమిషం తేడా లేకుండా, వెడల్పాటి గిన్నెల్లో అంచుదాకా సూపు పెట్టాడు. వెనకాలే నలుగురికీ నాలుగు నిండు చేపలు.

ఆవిడ గిన్నె వైపు చూసింది. రెండు చేతులూ ఒళ్ళోకి తీసుకుంది.

“ఆకలి లేదు,” అంది.

మేష్టారు చెంచా దించారు. అదే గాలి. అదే సముద్రం. అదే కుర్చీ. లెక్కలో ఒక్కటే మారింది.

“మనవాడేడయ్యా?” అని కొత్త వెయిటర్ని అడిగారు.

“పై అంతస్తులో టీ కప్పులు కడిగే చోట వేశారండీ. మార్కులు తగ్గాయట.”

“అయ్యో, ఎవరో పుణ్యాత్ములు తొమ్మిదో ఎనిమిదో వేసుంటారు,” అన్నాడు షాపాయన. “ఇక్కడ పదికి పది పడితేనే పాసు మేష్టారూ. ఒకటి తగ్గినా ఫెయిలే. వచ్చేనెల ఇతని ఒప్పందం అయిపోతుందట. ఇట్లాంటి మచ్చ పడితే మళ్ళీ పిలవరు. పాపం, ఇంటిదగ్గర చిన్నపిల్ల ఉందని మొన్నే చెప్పాడు.”

మేష్టారు చేతిలో రొట్టె పళ్ళెంలో పెట్టేశారు. నీళ్ళు తాగి లేచారు.

భోజనశాల పెద్ద ఒకావిడ. అద్దాల గదిలో కూర్చుని మర్నాటి వంటల జాబితా చూసుకుంటోంది. మేష్టారు చెప్పిందంతా ఓపిగ్గా వింది.

“మీరు వేసిన మార్కు యంత్రంలోకి ఎక్కిపోయింది సార్. వేసినవాళ్ళే పొరపాటు జరిగిందని రాసిస్తే తప్ప తీసెయ్యడం కుదరదు.”

“పొరపాటేమీ జరగలేదమ్మా. నేను ఆలోచించే వేశాను. మీ లెక్కే వంకరగా ఉంది. ఎనిమిదంటే ఫెయిలేమిటి?”

“ఉండొచ్చు సార్. కానీ పొరపాటు లేదంటే ఎనిమిదే ఉంటుంది. రేపు మధ్యాహ్నంలోపు ఓడ నుంచి మార్కుల జాబితా కంపెనీకి వెళ్ళిపోతుంది.”

మేష్టారు గదికొచ్చారు. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఆయన జరిగింది చెప్పారు. చెప్పి, గదిలో ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు వేశారు. ఆ గదిలో అంతకన్నా వేయడానికి చోటు లేదు.

“లేని తప్పు ఒప్పుకుంటూ ఎలా రాసివ్వను? ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్క పేపరు వెనక్కి రాలేదు నా దగ్గరికి.”

“ఏం తప్పులు చుట్టారు అతనికి?”

“నీ సూపు రోజూ ఆలస్యం చేశాడు.”

ఆవిడ కిటికీ వైపు నుంచి ఇటు తిరిగింది. “నేను మొదలుపెట్టేసరికి మీరందరూ తినడంలో పడాలని,” అంది. “ముందే పెడితే నలుగురి కళ్ళూ నా గిన్నె మీదే ఉంటాయిగా. మీరందరూ తలలు వంచుకున్నాక తెచ్చేవాడు. అదీ చెవులున్న కప్పులో, సగం పోసి.”

మేష్టారు నడక ఆపారు.

“మరి నా చేప?”

“నా చేప వంటింట్లోనే కోయించి తెచ్చేవాడు. నా ఒక్కదాని పళ్ళెంలోనే ముక్కలుంటే తెలిసిపోతుందని మీదీ కోయించాడు. మొగుడూ పెళ్ళాలకి ఒకేరకం వడ్డించాడని అనుకుంటారని.”

ఓడ కొద్దిగా ఊగింది. బల్ల మీద ఎర్ర కలం దొర్లి అంచు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

“ఇన్నిరోజులు నాకెందుకు చెప్పలేదోయ్?”

“చెప్తే మళ్ళీ అది నా చెయ్యి గురించే అయిపోతుంది. అతను ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు. ఎంత హాయిగా ఉందో మీకేం తెలుసు!”

మేష్టారు మంచం అంచున కూర్చున్నారు. రెండేళ్ళుగా వంటింటి గోడ వైపు తిరిగిన వీపు ఒకటి ఆయన కళ్ళముందు నిలబడింది. గడపలో నుంచి రోజూ చూసిన వీపే అది. ఏమనాలో తెలియక తప్పుకుపోయిన గడప అది. ఏమీ అనకుండానే చెయ్యగలిగింది ఇంత ఉందని, ఊరూ పేరూ తెలియని మనిషి వచ్చి చూపించాడు. దానికే తను రెండు సున్నాలు చుట్టారు.

లేచి బల్ల దగ్గరికి వెళ్ళారు. పొరపాటు అని రాయడానికి ఆ చేతికి అలవాటు లేదు. మొదటి కాయితం చింపేశారు. రెండోది కూడా. మూడోదాంట్లో ఇలా రాశారు: ‘ఏడో టేబులు వెయిటరుకి నేను ఎనిమిది వేశాను. సరైన జవాబులు రెండింటిని తప్పులుగా దిద్దాను. పొరపాటు పూర్తిగా నాది. పదికి పది.’

రాశాక ఆ చివరి మాట వైపు చాలాసేపు చూశారు. ఎప్పుడో పేపర్లు పట్టుకుని బిక్కమొహాలేసుకుని వెళ్ళిన పిల్లలు కొందరు గుర్తొచ్చారు. వాళ్ళ గీతల్లో వంకర ఎందుకొచ్చిందో ఒక్కణ్ణయినా అడిగానా అనుకున్నారు. సంతకం చేసి, ఆవిడకి చూపించకుండానే పరుగులాంటి నడకతో అద్దాల గదికి వెళ్ళారు.

తొమ్మిదోరోజు మధ్యాహ్నం ఏడో టేబులు దగ్గర పాత మనిషే ఉన్నాడు. ఏమీ జరగనట్టు రొట్టెలు పెట్టాడు. షాపాయన సగం సూపు తాగాక ఆవిడ ముందు లోతైన కప్పు ఒకటి వచ్చి కూర్చుంది. మేష్టారు గడియారం చూడలేదు.

“పొద్దున్న మేడమ్ పిలిచి, మీరు రాసిచ్చిన సంగతి చెప్పి, కొత్త ఒప్పందం కాయితం మీద సంతకం పెట్టించుకుంది మేష్టారూ,” అన్నాడు వెయిటరు, ఆయన గ్లాసులో నీళ్ళు పోస్తూ. “ఇంకో ఎనిమిది నెల్లు.”

“శుభం!” అన్నారు మేష్టారు. రాత్రంతా మోసిన బరువేదో భుజాల మీంచి దిగింది.

“శుభమే అండీ. ఇంటికి ఫోన్ చేశా. మా ఆవిడ ఉద్యోగం ఉందని ఏడ్చింది, ఇంటికి రానని మళ్ళీ ఏడ్చింది. ఎవరా మేష్టారు అని అడిగింది. చెప్పా. ఆయనకి నా తరఫున కూడా ఓ మార్కు చెప్పు అంది.”

“ఎంతట?”

“వద్దులెండి. నొచ్చుకుంటారు.”

“చెప్పవయ్యా.”

“సున్నా అండీ.”

షాపాయన పొలమారి దగ్గాడు. మేష్టారు మాత్రం నవ్వలేదు. జీవితంలో ఆయనకి ఎవరైనా మార్కు వెయ్యడం, ఆయన చదువు అయ్యాక, ఇదే మొదటిసారి.

“కారణం చెప్పిందా?”

“చెప్పిందండీ. మా పాప పుట్టాక ఆరు పుట్టినరోజులొచ్చాయి. నాలుగింటికి నేను లేను. ఇప్పుడు రాబోయే ఏడోది కూడా పోయినట్టేనట.”

మేష్టారు తలూపారు. ఒకరి ఒప్పందం నిలబెట్టేటప్పుడు ఒక చిన్నపిల్ల గుమ్మం వైపు చూస్తూ ఉంటుందని ఆయన లెక్కలోకి రాలేదు.

“తప్పెక్కడో చూపించి వేసింది. సరైన మార్కే,” అన్నారు.

“అయ్యో, అంత సీరియస్‌గా తీసుకోకండి సార్! నేనింటికెళ్ళాక, మంచి మూడ్‌లో ఉంటే, మళ్ళీ దిద్దుతానంది.”

దాంతో ఆవిడకి నవ్వు ఆగలేదు. నవ్వుతో చెయ్యి మరింత ఊగి, కప్పులో సూపు తెల్లగుడ్డ మీద ఒలికి, చెయ్యంత మరక పరుచుకుంది. ఆవిడ ఆ మరకని చూసింది. షాపాయన చూశాడు, ఆయన భార్యా చూసింది.

ఆవిడ కప్పు వదల్లేదు. ఇంకా నవ్వుతూనే, “ఇంకొంచెం ఉందా బాబూ?” అంది.