తగ్గిందని చెప్పిన మోకాలు

సహోదరులారా, ఆ రోజుల్లో మా ఇంట్లో తెల్లారుతోందంటేనే నాకు భయం. నా భర్త జోసెఫ్ గారు లేవగానే దిండు కింద నొప్పి మాత్రల కోసం తడుముకునేవారు, దొరక్కపోతే నన్ను కసిరేవారు, కసిరి మళ్ళీ ఏడ్చేవారు.

కొత్తవాళ్ళ కోసం చెబుతున్నాను, ఆయనది మారిషస్. మన తీరం నుంచి చెరకు తోటల పనికి ఓడెక్కి వెళ్ళినవాళ్ళ మునిమనవడు. నేను అక్కడ హోటల్లో పనిచేస్తున్నప్పుడు మాకు పెళ్ళయింది. ఆ దేశపు ఫుట్‌బాల్ జట్టులో ఆయన మిడ్‌ఫీల్డర్, మైదానం మధ్యలో ఉండి వెనకవాళ్ళ దగ్గర బంతి తీసుకుని ముందువాళ్ళకు అందించేవారు. మోకాలు చెడింది. చిన్న దేశం, ఆయన బదులు దింపడానికి మరో మనిషి లేడు, అందుకని నొప్పి తెలియకుండా సూది పొడవడం, ఆడించడం, మళ్ళీ సూది పొడవడం, ఆడించడం, చివరికి కాలూ కుంటుపడింది, ఆటా పోయింది, మాత్రలు మిగిలాయి. కళింగపట్నంలో మా అమ్మ ఇంటికి చేరాం.

సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించింది. మనకో అలవాటుంది కదా, స్వస్థత రాకముందే విశ్వాసంతో వచ్చేసిందని సాక్ష్యం చెబుతాం. మీ కన్నీళ్ళు చూసి ఆయనకు కాదనడానికి మొహం చెల్లలేదు. ఆ ఆదివారం గుప్పెడు మాత్రలు మింగి వచ్చి, ఈ వేదిక దాకా పరుగెత్తి, తగ్గిపోయిందన్నారు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. సాయంత్రానికి స్పృహ లేకుండా పడిపోయారు. శ్రీకాకుళం ఆసుపత్రిలో బతకడం కష్టమన్నారు.

కళ్ళు తెరిచాక మా అమ్మ మంచం పక్కన కూర్చుని, "ఏటి బాబూ ఇది? నొప్పుంటే నొప్పుందని సెప్పాల గానీ, దేవుడి కాడ కూడా నాటకమేటి?" అంది. ఆయన రెండు చేతులూ జోడించారు. వచ్చీరాని తెలుగులో, "ప్రభువా, నొప్పి ఉన్నాది. తగ్గలేదు. మాత్ర లేకపోతే ఉండలేను. నన్ను వదలకు" అని ప్రార్థించారు.

డాక్టరుగారు మాత్రలు మెల్లమెల్లగా మాన్పించారు. వాంతులు, వణుకు, గోడకేసి తల బాదుకోవడం, అబ్బా, పగవాడికి కూడా వద్దు ఆ బాధ, నేను దేవుణ్ణి తిట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి. ప్రభువు మాత్రం ఆయన్ను వదల్లేదు. ఇవాళ నా భర్త ఒక్క మాత్ర ముట్టరు, దేవునికే మహిమ! కాలు బాగుపడలేదు. వాన పడితే మూలుగుతారు, టీవీలో ఆట వస్తే లేచి బయటికి వెళ్ళిపోతారు.

అదిగో, వెనక కాలు చాపుకుని కూర్చున్నారు. మీలో ఎవరికైనా నొప్పి ఉండి, మా మొహాలు చూసి తగ్గిందని చెప్పాలనిపిస్తే, చెప్పకండి. వెళ్ళి ఆయన పక్కన కూర్చోండి, తగ్గలేదని చెప్పండి, మీతో కలిసి ప్రార్థిస్తారు.