మా పెద్దత్త పాటలో వదిలిన చోటు

మొన్న బోడినాయకనూరులో మా వాళ్ళ పెళ్ళికి వెళ్ళాను. పెళ్ళికూతుర్ని పీట మీద కూర్చోబెట్టాక ఎవరో సెల్‌ఫోనుకి చిన్న స్పీకరు తగిలించారు. మరుక్షణం మా పెద్దత్త గొంతు గదంతా నిండింది. ఆ పెద్దత్తేమో మెడకు తువ్వాలు చుట్టుకుని, నోరు మెదపకుండా నా పక్కనే కూర్చుని ఉంది!

రెండేళ్ళ కిందట మా కోయంబత్తూరు విశ్వవిద్యాలయం ఒకటీ, ఆంధ్రలోది ఒకటీ కలిసి, ఇక్కడి తెలుగు ఇళ్ళలో మిగిలిన పాటల్ని కంప్యూటర్లో దాచే పని పెట్టుకున్నాయి. అక్కడినుంచి ఒక పరిశోధక విద్యార్థిని, ఇక్కడినుంచి మైకులు మోసుకుంటూ ఒక ఇంజనీరు ఆర్.ఎస్. పురంలో మా ఇంటికొచ్చారు. మా తెలుగులో సగం తమిళమే, చదవడం చాలామందికి రానే రాదు. అలాంటి మా కోసం రెండు విశ్వవిద్యాలయాలా అని నోరు తెరిచాను. పెళ్ళిపీట పాట మొత్తం వచ్చింది పెద్దత్త ఒక్కతికే. మరుసటి వారం ఆమె గొంతుకు ఆపరేషన్. ఆ తర్వాత మాట వస్తుందో రాదో చెప్పలేనన్నాడు డాక్టరు. అంతా సిద్ధం చేశాక ఈవిడ మొండికేసింది. "పీట మీద పెండ్లిబిడ్డ లేకుండా ఎట్ల పాడేది కణ్ణూ? గోడకా?" ఎంత బతిమాలినా ఊహూఁ. చివరికి ఆ విద్యార్థినే, "నేను కూర్చుంటానండీ" అంది. ఇంకేం, ఆ పిల్ల కాళ్ళకు పసుపు రాసి, తలలో మల్లెపూలు తురిమి, "మొగుడు దొరికేదాక కడుక్కోవద్దు" అని ఆటపట్టించి, పెద్దత్త పాట ఎత్తుకుంది.

మా ముత్తవ్వలు ఏ ఏరులు దాటి ఈ సీమకొచ్చారో అంతా అందులో ఉంది. పెళ్ళికూతురి పేరు రావలసిన చోట మాత్రం ఆమె ఆగిపోయింది. తల తాళానికి ఊగుతూనే ఉంది. క్షణం తర్వాత మళ్ళీ అందుకుంది. పాట అయ్యాక ఇంజనీరు మొహమాటపడుతూ, "ఆ గ్యాప్ కట్ చేసి కలిపేస్తామమ్మా" అన్నాడు. పెద్దత్త గయ్యిమంది. "కట్ చేసేది లేదు! ఈ పిల్ల పేరు పాడితే పాట ఈ పిల్లదే అయిపోతుంది. ఇంకా పుట్టే బిడ్డలుండారు గదా? ఎవరి పెండ్లిలో వాళ్ళు పిలుచుకోనీ, చోటు విడిచినాను." ఆ మరుసటి వారమే ఆపరేషన్ అయింది. గొంతు మళ్ళీ రాలేదు.

మొన్న బోడినాయకనూరు పెళ్ళిలో ఆ చోటు వచ్చింది. స్పీకరులో గొంతు ఆగింది. ఆడవాళ్ళమంతా ఒక్కసారిగా పెళ్ళికూతురి పేరు పిలిచాం. తాళం తప్పకుండా పాట ముందుకు సాగింది. పక్కకు తిరిగి చూస్తే, పెద్దత్త పెదవులు కూడా ఆ పేరే పలుకుతున్నాయి. నాకు ఏడుపు ఆగలేదు. కాలం గొంతులు పట్టుకుపోతుందని తెలుసు. ఇంకా పుట్టని పెళ్ళికూతుళ్ళకు పాటలో చోటుంచిన మనిషి దగ్గర మాత్రం, ఆ కాలం కూడా కాసేపు ఆగి, పేరు విని పోవలసిందే.