లేని చేతి నొప్పికి నేను వేసిన అంకె

నందివెలుగు రోడ్డులో ఎవరో పశువులకు మేత కోసే మిషను తిప్పుతుంటే పచ్చిజొన్న వాసన ఆటోలోకి వస్తుంది. అందరికీ అది కమ్మటి వాసనే. నేను మాత్రం ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటాను. వెంటనే శారద మేడమ్ గుర్తొస్తారు.

మేడమ్ మెదడు జబ్బుల మీద, నొప్పి మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త. చెయ్యి తెగిపోయాక కూడా ఆ లేని చెయ్యి ఎందుకు నొప్పెడుతుందన్నదే ఆవిడ చివరి రోజుల పని. ఆఫీసు తెనాలిలో. ఊళ్ళు తిరిగి వివరాలు రాసుకొచ్చేదాన్ని నేను. సున్నా నుంచి పది దాకా నొప్పికి అంకె చెప్పించాలి. అయిదు దాటినవాళ్ళకి బాపట్లలో చికిత్స: ఉన్న చేతిని అద్దంలో చూపించి, పోయిన చెయ్యి కుదురుగానే ఉందని మెదడుని నమ్మించడం. నాకప్పుడు దూకుడెక్కువ. రోజుకి పదిమందిని పూర్తి చేసి మురిసిపోయేదాన్ని.

చెరుకుపల్లి దగ్గర ఓ రైతింట కూలికి వెళ్ళే మరియమ్మ కుడి చెయ్యి ఆయన మేత మిషనులో మోచేతి దాకా పోయింది. ఆ రైతు మంచివాడే, వైద్యమంతా దగ్గరుండి చేయించాడు. ఆయన వరండాలోనే, ఆయన కుర్చీ ముందే ఆమెను నిలబెట్టి అడిగాను.

"ఎంత నొప్పమ్మా?"

"అయ్యగారి దయ వల్ల పర్లేదండి. రెండేసుకోండి."

రెండు వేశాను. వాళ్ళిచ్చిన కాఫీ తాగి వచ్చేశాను.

నెల తిరక్కుండానే మేడమ్ ఆ కాగితం దగ్గర ఆగారు. "నిద్రే లేదని కింద నువ్వే రాశావు. మరి నొప్పి రెండేంటమ్మా? అడిగినప్పుడు పక్కన ఎవరున్నారు?" చెప్పాను. ఆవిడ వెంటనే లేచి చెప్పులేసుకున్నారు.

మేం వెళ్ళేసరికి మరియమ్మ లేదు. నొప్పికి తాళలేక మొండిచేతికి వాతలు పెట్టించుకుందట. అవి చీము పట్టి, రేపల్లె తీసుకెళ్తుంటే దారిలోనే పోయింది. వాళ్ళమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది.

"లేని వేళ్ళు నలిగిపోతన్నయ్యే అమ్మా అని ఏడ్చేదండి. అయ్యగారి ముందు ఎట్టా చెబుద్దండీ? ఆయన్ని తప్పు పట్టినట్టుండదూ?"

తిరుగు బస్సులో ఏడుస్తూ, ఆ రెండుని కొట్టేస్తానన్నాను. మేడమ్ ఒప్పుకోలేదు.

"ఆమె చెప్పింది రెండే. దిద్దితే నీ మనసు తేలికపడుతుందేమోగానీ, ఆమె లేచిరాదు. ఎవరి ముందు అడిగావో కింద రాయి."

నాకు ఆవిడ మీద పట్టరాని కోపం వచ్చింది. నీ తప్పేం లేదులే అంటారని ఆశపడ్డాను. అనలేదు. పోయేదాకా అనలేదు. అందుకే ఆవిడంటే నాకంత గౌరవం.

ఆ పని ఇప్పుడు నేను చూస్తున్నాను. ఎవరింటికి వెళ్ళినా ముందు చుట్టూ ఉన్నవాళ్ళని బయటికి వెళ్ళమంటాను. పెద్దంతరం చిన్నంతరం లేదని మొహం మీదే అంటారు. పడతాను. తలుపు వేసి, నేల మీద కూర్చుని మళ్ళీ అడుగుతాను. అప్పటిదాకా పర్లేదన్నవాళ్ళు చాలామంది ముందు ఏడుస్తారు, తర్వాతే అంకె చెబుతారు.

మరియమ్మకి ఆ తలుపు నేను వెయ్యలేదు.