మూత పెట్టని పళ్లెం

గురువారం మధ్యాహ్నం జ్యోతిలక్ష్మి మేడం గారి సైన్సు ప్రయోగాన్ని ఒక గొర్రె తాగేసింది. గొర్రెకు ఏమీ కాలేదు.

ప్రయోగం పెద్దదేమీ కాదు. పళ్లెంలో నీళ్లు పోసి ఎండలో పెట్టడం, నీళ్ల అంచున గుర్తుగా ఒక స్టిక్కరు బొట్టు అంటించడం, కొన్ని గంటలయ్యాక నీళ్లెంత తగ్గాయో చూడడం. బొట్టు మేడం నుదుటిదే. గొర్రె దాన్నీ నాకేసింది.

"ఏమప్పా నల్లప్పా, నీ గొర్రెను చూసుకోవద్దా?" అని కాపరి మీద అరిచింది ఆవిడ.

"నీళ్లు తెచ్చి ఎండలో పెట్టింది మీరు. గొర్రెనేమనాల మేడం?" అన్నాడు నల్లప్ప, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

గుమ్మఘట్ట దగ్గర ఆ హైస్కూల్లో ఏళ్ల తరబడి సైన్సు చెబుతున్న మనిషి ఆవిడ. తొమ్మిదో తరగతి పిల్లలే పక్క బడిలోని నాలుగో తరగతికి పాఠం చెప్పాలని పట్టు. పోయినసారి అయస్కాంతం పాఠం నవ్వులపాలైంది. "ఈ శనివారం కూడా ఇట్లే అయితే ఆ పీరియడ్ స్లిప్పు టెస్టులకు ఇచ్చేస్తా మేడం" అని హెడ్మాస్టరు ఆంజినప్ప ముందే చెప్పేశారు.

అందుకే శుక్రవారం మళ్లీ రిహార్సలు. మాట్లాడేది తిప్పేష్. పళ్లెం సంగతి చూసేది నందిని; ఆ పిల్ల క్లాసులో నోరు విప్పదు. మధ్యాహ్నం వెళ్లి చూస్తే పళ్లెం మీద మూత!

"ఎవరే ఇది పెట్టింది?"

"నేనే మేడం. దుమ్ము పడతాదని."

"పడనీవే! ఆరిపోవాలనే కదా పెట్టుకున్నాం!"

"నీళ్లు ఊరికే ఆరబెడితే మాయమ్మ సంపుతాది మేడం."

కొళాయి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియని ఊరు. మేడం ఇంట్లోనూ బిందెలన్నిటికీ మూతలే. అందుకని తిట్టు సగంలో ఆగింది. కోపం ఆగలేదు.

శనివారం తిప్పేష్ చేతులూపుతూ దర్జాగా మొదలుపెట్టాడు. "పొద్దున ఎండలో నీళ్లు పెట్టినాము. ఇప్పుడు తగ్గింటాయి. యాడికి పోయినాయి?"

నందిని పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టింది. దాని మీద మూత. పొద్దున ఎండలో పెట్టినప్పుడే చెయ్యి దానంతటదే పెట్టేసిందట.

మేడం నుదురు కొట్టుకుంది. అక్కడ బొట్టు లేదని, ఇవాళ్టిదీ పళ్లేనికే అంటించానని అప్పుడు గుర్తొచ్చింది.

మూత తీస్తే నీళ్లు ఇంచుమించు బొట్టు దాకా ఉన్నాయి.

"యాడికీ పోల్యా! ఈడనే ఉండాయి!" నాలుగో తరగతి మొత్తం కేకలు. తిప్పేష్ ఊపుతున్న చేతులు దించేశాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్న ఆంజినప్ప సారు ఆ పీరియడ్ కొట్టేయడానికి జేబులోంచి పెన్ను తీశారు.

"అక్కా, మూతకు చెమట పట్టింది" అంది ముందు వరుసలో ఒక పిల్ల.

నందిని మూత తిప్పి చూసింది. లోపలంతా చుక్కలు. మేడం వైపు చూసింది. మేడం అప్పటికే కుర్చీలో కూలబడింది. తిట్టే ఓపిక కూడా లేదు.

"నీళ్లు పైకి పోతాండాయి. నేను మూత పెట్టేసరికి పోను దారి లేక ఈడ పట్టుకోని ఉండాయి" అంది నందిని మెల్లగా. "మూత లేకుంటే గాల్లోకే పోయింటాయి."

పిల్లలంతా ఎగబడి చుక్కలు ముట్టుకున్నారు. తిప్పేష్ చేతులు మళ్లీ ఊగాయి. పెన్ను జేబులోకి వెళ్లింది.

సోమవారం పొద్దున్నే ఆంజినప్ప సారు గది నుంచి పిలుపు.

"ఏం మేడం ఇది! నాలుగో తరగతి పిల్లోళ్లు ఇంటింటా తాగే నీళ్లు పళ్లేల్లో పోసి ఎండబెడతాండారంట. వాళ్లమ్మలు వచ్చి నాతో కొట్లాడిపోయినారు!"

"మూతలు పెట్టమనండి సార్, పాఠంలో సగం అదే."