జానెడు తక్కువ చాప

తొంభైల్లో మా స్టీల్‌ప్లాంటు క్వార్టర్ల వెనక మడుగులో తుంగ కోసి, చాపలల్లి అమ్మే మామ్మ ఒకావిడ ఉండేది. నీటికోడి గూడు కనబడితే చుట్టూ ఉన్న తుంగ కొసలను ముడేసేది. ఆ ముడి చూస్తే తుంగ కోసే మిగతా ఆడవాళ్లు కొడవలి దించి పక్కకు తప్పుకునేవారు.

నా కాన్పుకని చాప అల్లించుకున్నాను. తీరా చూస్తే జానెడు పొట్టి! నాకు చిర్రెత్తింది.

"ఇదేంటి మామ్మా, కాళ్లు బయటికొస్తున్నాయి?"

"ఈ ఏడు పొడుగు తుంగంతా గూళ్ల సుట్టే ఉందమ్మా. ఆటికీ పురుడే గదా! ఆ జానెడూ ఆటికొగ్గేసినాను."

డబ్బులిచ్చి చాప లోపలికి తెచ్చుకున్నాను. ఆ చాప మీదే మా అమ్మాయి బోర్లాపడింది, పాకింది.

మామ్మ ఇప్పుడు లేదు. చాప మీద నడుం వాలిస్తే నా పాదాలు ఇప్పటికీ చల్లటి గచ్చుకు తగులుతాయి. వెనక మడుగులో నీటికోళ్లు పిల్లల్ని పిలుచుకుంటూ ఉంటాయి.